లేబుల్ రాసినవాడు

కమలాపురం,
20 ఫిబ్రవరి 2012

విశ్వాసంలో నాతో పాలుపంచుకునే నా చెల్లెలు రమణికి, దేవుని కూలివాడు, నీ అన్న జయరాజ్ రాయునది. కృప నీ గడప దాటి పోకుండును గాక.

నీ ఫోను వచ్చింది. ఫోనులో అడిగినదానికి ఫోనులోనే జవాబు చెప్పొచ్చు గదా అంటావు. చెప్పను. ఫోనులో మాట గాలికి పోతుంది. అపొస్తలులు ఉత్తరాలు రాసినారు కాబట్టే మనదాకా వచ్చాయి. వాళ్ల చేతికి సెల్లు ఇచ్చి ఉంటే మనకు సగం వాక్యం కూడా మిగిలేది కాదు.

పాకెట్టు మీద ఏదైనా అచ్చు వేయకపోతే ఇకమీదట పిండి అమ్మనివ్వరని, కొత్త చట్టం వచ్చిందని చెప్పావు. మంచి చట్టం. కారంలో ఇటుకపొడి, పసుపులో రంగు, పాలలో యూరియా కలిపే ఈ సర్పసంతానానికి అగ్నిగంధకాలు పడేలోపల చట్టమైనా పడాల. నువ్వు ఒక పేరు, ఒక వాక్యం అడిగావు. నేను జాకెట్టుకు చెయ్యి కుడుతూ ప్రార్థిస్తుంటే 'సారెపతు' అనే మాట నా మనసులో పడింది. కరువులో ప్రవక్తకు రొట్టె కాల్చి పెట్టిన విధవరాలి ఊరు. ఆమె తొట్టిలో పిండి తరగలేదు. నువ్వూ విధవరాలివే. మనదీ కరువు సీమే. ఇంతకన్నా ఏం కావాలి?

లేబుల్ ఇట్ల రాశాను:

'సారెపతు రాగిపిండి. మొలకెత్తిన రాగులతో, ప్రార్థనతో తయారైనది. కల్తీ లేదు, కపటము లేదు. దీనితో జావ కాచుకొని విశ్వాసముతో త్రాగువారికి షుగరు, బీపీ, కీళ్లనొప్పులు, నీరసము తొలగిపోవును. మందుల అవసరముండదు.'

ప్రెస్సు రంగస్వామి అచ్చు వేస్తూ, "అయ్యగారూ, షుగరు పోతాదని రాస్తాండారే, నిజమేనా? మా ఇంటామెకు శానా ఉండాది" అన్నాడు. "రెండు పాకెట్లు తీసుకపో, విశ్వాసం మాత్రం నీ ఇంట్లోదే వాడు" అన్నాను. కట్టలు కర్నూలు బస్సులో పంపిస్తున్నా. ఒక్క అక్షరం మార్చవద్దు.

లక్ష్మక్క నిన్ను అడిగింది. అమ్మ పోయినాక మనిద్దరికీ ఆమె పెట్టిన సంకటి ముద్దలు మరువకు. ఆమెకూ షుగరే. మొదటి పాకెట్టు ఆమెకే పంపు.

పిండిలోనూ మాటలోనూ పొట్టు ఉండకూడదని కోరే,
జయరాజ్


కల్లూరు,
6 మార్చి 2012

అన్నకు రమణి వందనాలు.

లేబుళ్లు అందినాయి. పేరు నాకు నచ్చింది. రాగులు నానబెట్టి, మూట కట్టి, మొలకలు వచ్చినాక ఎండబెట్టి, దోరగా వేయించి మరకు తీసుకుపోతున్నా. మరలో ముందు ఎవరైనా మిరపకాయలు ఆడించి ఉంటే ఆ రోజు నా పని లేదు, ఇంటికి తిరిగి వస్తా. ఘాటు పట్టిన పిండి అమ్మనని మరాయనతో రోజూ గొడవే.

అన్నా, మొన్న చిన్నచిన్న సరుకులు చేసేవాళ్లనందరినీ పిలిచి అధికారులు మీటింగు పెట్టారు. పాకెట్టు మీద ఏం ఉండాలో చెప్పారు. సరుకు పేరు, అందులో ఏమేం ఉన్నాయి, బరువు, చేసిన తేదీ, ఎన్నాళ్లు నిలవ ఉంటుంది, చేసినవాళ్ల అడ్రసు, రిజిస్ట్రేషన్ నంబరు. నువ్వు పంపినదాంట్లో వీటిలో పేరొక్కటే ఉంది. మిగిలినవి రాయడానికి చోటు లేక ఇంకొక చీటీ కింద అతికిస్తున్నా.

ఇంకొక మాట. జబ్బు నయమవుతుందని తినే సరుకు మీద వేయకూడదని కూడా చెప్పినట్టు గుర్తు. వెనక వరుసలో కూర్చున్నా, సరిగా వినపడలేదు. ఆ ఆఖరి రెండు వాక్యాలు తీసేద్దామా? పక్కింటి రామసుబ్బమ్మ లేబుల్ చదివి, "ఏమ్మే రమణీ, నీ పిండికి ఇన్ని పనులు వస్తాయా? మా ఇంటాయన తాగుడు గూడా మానిపిస్తాదేమో మీ అన్నను అడుగు" అని ఒకటే నవ్వు.

కోప్పడొద్దు. బిలాము ప్రవక్తకు గాడిద చెప్పినా వినాల్సి వచ్చింది. నేను నీ చెల్లెల్ని గదా.

లక్ష్మక్కకు పాకెట్లు పంపినా. జావ మంచిదే, కడుపు నిండుతుంది, మాత్రలు మాత్రం ఆపొద్దని నా మాటగా చెప్పు.

నీ చెల్లెలు,
రమణి


కమలాపురం,
9 జూలై 2012

కొంచెంలో కొంచెం విశ్వాసం గల నా చెల్లెలికి సమాధానం కలుగును గాక.

ఎండాకాలం నీ ఇంట్లో ఉన్న ఆ వారం నా ఒంటికి మంచి చేసింది. కానీ లేబుల్ మీద మాటలు తీసేద్దామని నువ్వు మళ్లీ అడిగావే, అది నొప్పించింది. రామసుబ్బమ్మ నవ్విందని వాక్యం చెరిపేస్తామా? ముసలితనంలో బిడ్డ పుడతాడంటే శారా కూడా గుడారంలో నవ్వింది. తరువాత బిడ్డను ఎత్తుకుంది.

ఇక్కడి సంగతి విను. కల్తీ మీద అవగాహన సభ పెట్టి నన్ను మాట్లాడమన్నారు. నా పక్కన అధికారి, నా ముందు మైకు. దొంగ తూకాలు వేసేవాళ్లు దేవునికి ఎంత అసహ్యమో చెప్పేసరికి కిరాణా వాళ్లు లేచి నిలబడ్డారు. ఒకాయన, "ఏమప్పా, మా దుకాణం ముందర జాకెట్లు కుట్టుకునేటోనివి, మాకు తీర్పు జెప్తాండావా?" అన్నాడు. "ఆమోసు ప్రవక్త కూడా పశువులు కాసుకునేవాడే" అన్నాను. చప్పట్లు ఆగలేదు.

లక్ష్మక్క పోయిన ఆదివారం సాక్ష్యం చెప్పింది. "అయ్యగారు పాకెట్టు మీద రాసిన మాట నమ్మినా. మాత్రల డబ్బా దిబ్బలో ఇసిరేసినా. ఇప్పుడు నా కాళ్లు తేలిగ్గా ఉండాయి" అని అందరి ముందు పైట నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. సంఘమంతా స్తోత్రం స్తోత్రం అంది. నువ్వు చెప్పమన్న మాట నేను చెప్పలేదు. ఆ ముఖం చూసి ఎవడు చెప్పగలడు?

ధైర్యం తెచ్చుకోమని చెప్పే,
జయరాజ్


కమలాపురం,
15 అక్టోబరు 2012

రమణికి,

పలకరింపులు రాయడానికి చెయ్యి రావడం లేదు.

లక్ష్మక్క కడప ఆసుపత్రిలో ఉంది. కాలికి ముల్లు గుచ్చుకున్న చోట చీము పట్టి వేళ్లు నల్లబడ్డాయి. రెండు వేళ్లు తీసేశారు. ఏం తిన్నావమ్మా అని డాక్టరు అడిగితే కొడుకు రంగన్న నీ పాకెట్టు చూపించాడట. వాడే ఫిర్యాదు రాసి ఇచ్చాడు. ఆ తరువాత పేపర్లో 'కర్నూలులో కల్తీపై కొరడా' అని పెద్ద అక్షరాలు. దాని కింద నమూనాలు తీసిన చోట్లు రాశారు. నూనె మిల్లు, కారం మిల్లు, వాటి పక్కన కల్లూరు, సారెపతు రాగిపిండి.

నేను పెట్టిన పేరు. దొంగల వరుసలో.

ఏం కలిపావు? పురుగు పట్టిన రాగులా? మైదా కలిపావా? అడిగితే నేను కుట్టుమిషను అమ్మి అయినా పంపనా? కానుకలో కొంత దాచుకుని అబద్ధమాడిన అననీయ, సప్పీర కూడా మంచి విశ్వాసులే అనుకున్నారు అందరూ.

నిన్న కోతల పండుగ. కొర్రలు, చెనిక్కాయలు, గుమ్మడికాయలు, సంఘ పెద్ద ఏసన్న ఇంటి పుంజు, అన్నీ తెచ్చి బల్ల ముందు పెట్టారు. నువ్వు బస్సులో పంపిన మూట కూడా అక్కడే ఉంది. ఏటా వేలంలో నీ మూటకే పాట పెరిగేది. నేను లేచి, ఆ మూట మోసుకుపోయి, గుడి బయట మట్టిలో కుమ్మరించాను. "కల్తీ చేతుల అర్పణ దేవునికి కంపు" అన్నాను. నీ పేరు ఎత్తలేదు. ఎత్తే పని లేకపోయింది. అందరికీ తెలుసు.

నా తలకొట్టేశావు. పశ్చాత్తాపపడితే రాయి. లేకపోతే రాయొద్దు.

జయరాజ్


కల్లూరు,
11 నవంబరు 2012

అన్నకు,

పశ్చాత్తాపపడలేదు. అయినా రాస్తున్నా.

నీ ఉత్తరం వచ్చినాక వెంటనే రాయకపోవడానికి కారణం, రిపోర్టు రానీ అనుకున్నా. వచ్చింది. నా పిండిలో రాగులు తప్ప ఇంకేమీ లేవు. రంగు లేదు, మైదా లేదు, పురుగు లేదు. ఆఖరికి ఇసుక కూడా లేదని రాశారు. నమూనా తీసినంత మాత్రాన కల్తీ అయినట్టు కాదు. పేపరు వాళ్లు అందరినీ ఒకే గంపలో వేశారు. నువ్వు ఆ గంప నెత్తిన పెట్టుకుని గుడికి పోయావు.

తప్పు పిండిలో లేదు. పాకెట్టు మీద ఉంది. జబ్బు తగ్గిపోతుందని, మందులు అక్కరలేదని తినే వస్తువు మీద అచ్చు వేయడం నేరం. తప్పుడు లేబుల్ అని కేసు పెట్టారు. విచారణకు పోయినా. అక్కడి పెద్ద అధికారి లేబుల్ రెండు సార్లు చదివాడు.

"ఇది రాసింది ఎవరమ్మా?"

"నేనే సార్."

"మందుల అవసరముండదని కూడా నువ్వేనా?"

"నేనే."

"ఎంతదాకా చదువుకున్నావు?"

"ఏడు."

ఆయన కళ్లద్దాలు తీసి, "ఏడో తరగతికి ఇంత భాష రాదే" అన్నాడు. నేను నేల చూస్తూ నిలబడ్డా. జరిమానా వేశారు, కట్టినా. ఆ లేబుళ్లన్నీ వాళ్ల ముందే చించేయించారు. నువ్వు నా పేరు ఎత్తలేదన్నావు గదా. నేనూ నీ పేరు ఎత్తలేదు.

నా పిండి కొనేవాళ్లు ఇప్పుడు నన్ను చూసి అవతలి వైపు నడుస్తున్నారు. రామసుబ్బమ్మ ఒక్కటే పట్టుబట్టి జావ కాచుకుని వాకిట్లో అందరూ చూసేట్టు తాగుతోంది. దాని సంగతి తరువాత. అసలు సంగతి ఇది. రంగన్న ఫోను చేశాడు. తిట్టడానికేమో అనుకున్నా. ఏడ్చాడు.

"అక్కా, మా యమ్మ ఇప్పుడు గూడా మాత్ర మింగల్యా. పిండి చెడ్డదని అయ్యగారే పారబోసినాడు, నా ఇశ్వాసం చెడ్డది గాదు గదా, మందు ముట్టను అంటాది. ఇట్లే ఉంటే కాలు మోకాలి కాడికి తీయాల్సి వస్తాదని డాక్టరు అంటాండాడు. ఎవురు చెప్పినా వినల్యా."

నాకు నీ క్షమాపణ వద్దు. ఆమె చేత మాత్ర మింగించు. నీ మాట విని ఆపింది. నీ మాట వింటేనే మింగుతుంది.

రమణి


కమలాపురం,
20 నవంబరు 2012

రమణమ్మకు,

నీ ఉత్తరం కుట్టుమిషను మీద పెట్టుకుని చదివాను. కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లను రేపు రమ్మన్నాను. బట్ట కొలిచే టేపు మెడలో వేసుకునే ఉన్నాను, సాయంత్రం దాకా తీయాలని తోచలేదు.

దావీదు ఇంకొకని గొర్రెపిల్లను లాక్కున్న దొంగ మీద కోపంతో ఊగిపోయాడు. ఆ దొంగ తానేనని ప్రవక్త చెప్పేదాకా తెలియలేదు. ఈ కథ నేను ఎన్ని ఊళ్లలో చెప్పానో. చెప్పిన ప్రతిసారీ వేలు ఎదుటివాళ్ల వైపే చూపించాను.

ఆదివారం సంఘం ముందు నిలబడ్డాను. రమణి పిండి మంచిది, పాపం నేను రాసిన రాతలో ఉంది, నా చెల్లెలి అర్పణను నేను మట్టిలో కలిపాను అని చెప్పాను. తల దించుకుని నిలబడ్డాను. తల ఎత్తి చూసేసరికి ఏమైందనుకున్నావు? అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఏసన్న లేచి, "సూడండప్పా! ఇంత తగ్గింపు యాడన్నా సూసినారా? మా అయ్యగారు పడినా సింహమే!" అన్నాడు. పాట ఎత్తుకున్నారు. ఆడవాళ్లు వచ్చి నా చేతులు ముట్టుకుని కళ్లకు అద్దుకున్నారు. రమణీ, నా సిగ్గు కూడా ఒక మంచి ప్రసంగమైపోయింది. అక్కడే భూమి నోరు తెరిస్తే బాగుండేది.

అక్కడినుంచి లక్ష్మక్క ఇంటికి పోయాను. ఆసుపత్రి నుంచి తెచ్చారు. వాకిట్లో మంచం మీద, కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని ఉంది. నన్ను చూసి లేవబోయింది. పిండిలో ఏ తప్పూ లేదు అక్కా, పారబోసింది నా తప్పు అని చెప్పాను. ఆమె కాలి కట్టు వైపు చూసుకుని, "అయితే తక్కువైంది నా ఇశ్వాసమే అయ్యా" అంది. "పిండి మంచిదే, నీ మాట మంచిదే, ఇంగ నేనే గదా చెడ్డ."

చూశావా? అబద్ధం చెప్పి వేళ్లు పోగొట్టాను. నిజం చెప్పి ఆమె మనసు కూడా తీశాను. యోబు స్నేహితులు పుండ్లతో ఉన్నవాని ముందు కూర్చుని నీ పాపమే అన్నారు. నేను అనకుండానే ఆమెతో అనిపించాను.

హిజ్కియా రాజు పుండుకు ప్రవక్తే అంజూరపు ముద్ద కట్టించాడు గదా, మందు తప్పు కాదు గదా అన్నాను. "ఆయన రాజయ్యా. రాజులకు దేవుడు ఓర్చుకుంటాడు" అంది. సువార్త రాసిన లూకా వైద్యుడు గదా అన్నాను. "ఆయన రాసినాడు గానీ మాత్రలు ఇచ్చినట్టు నువ్వెప్పుడూ చెప్పలేదే" అంది. నేను నేర్పిన వాక్యమంతా నాకే అడ్డం పెట్టింది.

నేను కర్నూలు వస్తాను. ఆ అధికారి ముందు నిలబడి రాసింది నేనే అని చెబుతాను. నన్ను జైల్లో వేసినా సరే. అది చూస్తేనన్నా లక్ష్మక్కకు తెలుస్తుంది.

నీ ముఖం చూడలేని,
జయరాజ్


కల్లూరు,
25 నవంబరు 2012

అన్నా,

కర్నూలు రావద్దు. కేసు అయిపోయింది. నువ్వు వస్తే ఆ ఆఫీసు మెట్ల మీద కూడా జనం మూగుతారు. నువ్వు ఏడ్చినా మైకు ముందరే ఏడుస్తావు.

ఒక మాట రాస్తున్నా. రాయకూడదనే అనుకున్నా. ఎండాకాలం నువ్వు ఇక్కడ ఉన్నప్పుడు నీ చొక్కా ఉతకడానికి తీసుకున్నా. జేబులో మాత్రల పట్టీ ఉంది. అవి షుగరు మాత్రలు. మా ఆయన చివరి ఏళ్లలో మింగినవి అవే, నాకు తెలియకపోవడమేంటి? ప్రార్థనకు ముందు నువ్వు పెరట్లోకి పోయి, గోడ వైపు తిరిగి మింగడం కూడా చూశా. అడగలేదు. అడిగితే నువ్వు నాతో అబద్ధం చెప్పాల్సి వస్తుందని భయం. ఆ భయం వల్లే లక్ష్మక్క వేళ్లు పోయాయని ఇప్పుడు నాకు అనిపిస్తోంది. కాబట్టి ఇందులో నా పాలు కూడా ఉంది.

ఆమెకు వాక్యం చెప్పొద్దు. ఆ పట్టీ చూపించు.

రమణి


కమలాపురం,
9 డిసెంబరు 2012

రమణీ,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. పట్టీ జేబులో పెట్టుకుని లక్ష్మక్క వీధి దాకా పోయి తిరిగి వచ్చాను. ఒకసారి కాదు. నాలో నేను ఒక ప్రసంగం కట్టుకుని ఉన్నాను ఇన్నేళ్లూ. దేవుని పనికి నా ఒళ్లు కావాలి కాబట్టి దేవుడు నాకు మినహాయింపు ఇచ్చాడు అని. వినేవాడు నేనొక్కడినే కాబట్టి ఎవరూ అడ్డం మాట్లాడలేదు.

చివరికి పోయాను. మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. ఆమె "పైన కూచో అయ్యా" అంది. నేను పట్టీ తీసి మంచం మీద పెట్టాను.

"ఏందిది?"

"షుగరు మాత్రలు."

"నాకొద్దని చెప్పినా గదా."

"నీకు కాదక్కా. నావి."

ఆమె పట్టీ తీసుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. చదవడం రాదు ఆమెకు. ఖాళీ అయిన గుంటలను బొటనవేలితో తడిమింది.

"ఎప్పుట్నించి?"

"నీకు షుగరు రాకముందు నుంచే."

"ఆ పాకెట్టు మీద రాసేటప్పుడు గూడా?"

"మింగుతానే ఉన్నా."

"నేను డబ్బా ఇసిరేసినానని గుళ్లో చెప్పినప్పుడు?"

"ఆ పొద్దున కూడా."

తిడుతుందనుకున్నాను. ఉమ్మేసినా సరే అనుకున్నాను. ఆమె లోపలికి తిరిగి, "ఒరే రంగా, నీళ్లు తేరా" అంది. రంగన్న చెంబు తెచ్చాడు. "ముందు నువ్వు మింగు, సూస్తా" అంది నాతో. మింగాను. "నోరు తెరువు" అంది. తెరిచాను. "నాలిక ఎత్తు." ఎత్తాను. చిన్నప్పుడు మనం బెల్లం దొంగిలించినప్పుడు చూసినట్టే చూసింది. తరువాత రంగన్న వైపు చెయ్యి చాపింది. వాడు ఏడుస్తూ ఆమె మాత్ర ఇచ్చాడు. మింగింది. ఆ నీళ్లు గొంతు దిగేదాకా నా ముఖం మీదినుంచి చూపు తీయలేదు.

"ఇంగ పో జయరాజూ" అంది. ఆమె నన్ను పేరు పెట్టి పిలిచి ఎన్నేళ్లయింది!

మరునాడు పొద్దున్నే రంగన్న అంగడికి వచ్చాడు. "నువ్వు వచ్చి ముందు మింగితేనే మింగుతాదంట" అన్నాడు. అప్పటినుంచి ప్రతి పొద్దునా పోతున్నాను. ఆమె మంచం వాకిట్లోనే ఉంటుంది. పాలకు పోయేవాళ్లు, నీళ్లకు పోయేవాళ్లు, అందరూ చూస్తారు. దైవజనుడు నోరు తెరిచి నాలుక ఎత్తి ఒక ముసలామెకు చూపించి పోవడం. మొదటి రోజు ఒకరిద్దరు నవ్వారు. తరువాత ఎవరూ నవ్వడం లేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

పుండు ఆరుతోందని డాక్టరు చెప్పాడట. కాలు నిలుస్తుందని మాత్రం ఇంకా గట్టిగా చెప్పలేదు. సంఘంలో ప్రసంగం మానేశాను. ఆదివారం వెనక వరుసలో కూర్చుంటున్నాను. నువ్వు చెప్పింది నిజమే, అక్కడ కూర్చుంటే చాలా మాటలు వినపడవు. నీ పిండి గురించి ఇంటింటికీ పోయి చెబుతున్నాను. కొందరు తలుపు తీయరు. తీసిన చోట చెప్పి వస్తున్నాను.

ఈ రోజు పోయేసరికి లక్ష్మక్క వాకిట్లో ఇంకొందరు కూర్చుని ఉన్నారు. ప్రెస్సు రంగస్వామి భార్య ఉంది. నేను కుట్టిన జాకెట్లు వేసుకునే ఆడవాళ్లు ఇద్దరు ఉన్నారు. గోడకు ఆనుకుని, తల దించుకుని ఏసన్న ఉన్నాడు. ఎందుకొచ్చారో నాకు మొదట అర్థం కాలేదు. తరువాత వాళ్ల చేతులు చూశాను. ఒక్కొక్కరి గుప్పిట్లో ఒక్కొక్క మాత్రల పట్టీ. కొన్నింటి మీద దుమ్ము కూడా ఉంది. ఇంతమంది ఆపేశారని నాకు తెలియదు రమణీ. ఎవరూ చెప్పలేదు, నేనూ ఎప్పుడూ అడగలేదు.

నన్ను చూసి ఎవరూ లేవలేదు. చేతులు జోడించలేదు. లక్ష్మక్క మాత్రం, "ఏమప్పా ఏసన్నా, కొంచెం జరుగు. జయరాజుకు చోటియ్యి" అంది.

పోయి వాళ్ల మధ్యలో కూర్చున్నాను.

నీ అన్న